ఆర్మీ నుంచి కంపెనీ ఉద్యోగానికి: శ్రీకాకుళం, విజయనగరం మాజీ సైనికులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా మన రెండు జిల్లాల్లో ఫౌజీ లేని ఊరు దొరకడం కష్టం. వాళ్లలో చాలామందికి నలభై ఏళ్లు నిండీ నిండకముందే పెన్షన్ వస్తుంది. అప్పటికి పిల్లల చదువులు, ఇంటి అప్పు, చెల్లెళ్ల పెళ్లిళ్లు ఇంకా మిగిలే ఉంటాయి. సెలవు మీద వచ్చినవాళ్లు, డిశ్చార్జికి దగ్గరపడ్డవాళ్లు, కొత్తగా కంపెనీలో చేరి సతమతమవుతున్నవాళ్లు ఇంచుమించు ఇవే సందేహాలతో ఫోన్ చేస్తుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను జేసీఓగా (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) రిటైరై పైడిభీమవరం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఫ్యాక్టరీవే ఉంటాయి. ఆఫీసుల్లో, గోడౌన్లలో, పోర్టుల్లో పని చేసేవాళ్లకూ ఇవి పనికొస్తాయి.

## డిశ్చార్జికి ముందు

ఇన్‌ఫాంట్రీలో 17 ఏళ్లు చేశాను. రైఫిల్, పెట్రోలింగ్ తప్ప వేరే పని రాదు. కంపెనీలో నాకేం పనుంటుంది?

ఆ 17 ఏళ్లలో ఫైరింగ్ చేసిన రోజులు ఎన్ని ఉంటాయో ఒకసారి లెక్క వేసుకోండి. మిగతా రోజుల్లో ఏం చేశారు? పది మందికి డ్యూటీలు వేశారు. ఎవరు సెలవులో ఉన్నారో, ఎవరికి జ్వరమో, ఎవరింట్లో గొడవో తెలుసుకుని దాన్నిబట్టి పని పంచారు. ట్రైనింగ్ సెంటర్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడికి పని నేర్పారు. పెట్రోలింగ్‌కు బయల్దేరే ముందు ఎవరి పని ఏమిటో వాళ్ల నోటితోనే చెప్పించారు. తిరిగొచ్చాక మనుషుల్ని, సామానును లెక్కపెట్టి అప్పజెప్పారు. కంపెనీల్లో సూపర్‌వైజర్ చేసే పని ఇదే.

సెక్షన్ కమాండర్‌గా చేసినవాడు పది మందిని నడిపినట్టు. ప్లటూన్ హవల్దార్ ముప్పై మందికి పైగా చూసుకున్నట్టు. ఆర్మీ కంపెనీలో హవల్దార్ మేజర్ వంద దాటిన మనుషుల హాజరు, క్రమశిక్షణ, డ్యూటీ రోస్టర్ చూసినట్టు. బయట ఇంజినీరింగ్ చదివి వచ్చిన కుర్రాడికి ఇంతమందితో పని చేయించిన అనుభవం రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. మీకు లేనిది కంపెనీ పని గురించిన జ్ఞానం. అది నేర్చుకోవచ్చు.

డిశ్చార్జికి ఎంత ముందు నుంచి సిద్ధపడాలి?

కనీసం రెండేళ్లు. రక్షణ శాఖ కింద డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్, అంటే డీజీఆర్, సర్వీసులో ఉండగానే కోర్సులు చేయిస్తుంది. జేసీఓలకు, జవాన్లకు ఆ ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. యూనిట్ నుంచి విడవాలంటే కంపెనీ కమాండర్ ఒప్పుకోవాలి. చివరి నెలలో అడిగితే మనుషులు తక్కువగా ఉన్నారంటారు. కాబట్టి ముందే అర్జీ పెట్టుకోండి. ఊరికి వచ్చిన వెంటనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. శ్రీకాకుళంలో, విజయనగరంలో విడివిడిగా ఆఫీసులు ఉన్నాయి. డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ ఉత్తర్వు), పిల్లల పుట్టిన తేదీ కాగితాలు తీసుకెళ్లండి. పేర్లలో అక్షరం తేడా ఉంటే సర్వీసులో ఉండగానే సరిచేయించుకోవాలి. బయటికొచ్చాక అదే పనికి చాలా తిరగాల్సి వస్తుంది.

అందరూ సెక్యూరిటీ కోర్సే చేస్తున్నారు. నేనూ అదే చేయాలా?

సెక్యూరిటీ గౌరవమైన పనే. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో వచ్చిన చట్టం కూడా మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వమని చెబుతోంది. నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఇరవై ఏళ్లు స్టోర్ నడిపిన మనిషి, వందల బండ్ల లాగ్‌బుక్కులు చూసిన ఎం.టి. (మోటార్ ట్రాన్స్‌పోర్ట్) హవల్దార్, సిగ్నల్స్‌లో ఎక్స్ఛేంజి నడిపినవాడు, అందరూ కలిసి ఒకే గేటు దగ్గర నిలబడుతున్నారు.

కోర్సు ఎంచుకునేటప్పుడు మీ ట్రేడ్ చూసుకోండి. సీక్యూఎంహెచ్ (ఆర్మీ కంపెనీ సామాను చూసే హవల్దార్), స్టోర్‌మన్లకు వేర్‌హౌస్, సప్లై చెయిన్ సరిపోతాయి. ఎం.టి. వాళ్లకు ట్రాన్స్‌పోర్ట్, ఈఎంఈ (ఆర్మీ మరమ్మతుల విభాగం) వాళ్లకు మెయింటెనెన్స్, క్లర్కులకు హెచ్.ఆర్., పేరోల్, నర్సింగ్ అసిస్టెంట్లకు ఫ్యాక్టరీలోని వైద్య కేంద్రం బాగుంటాయి. ఇన్‌ఫాంట్రీ వాళ్లలో మనుషులతో బాగా మెలిగేవారికి ఫైర్, ఇండస్ట్రియల్ సేఫ్టీ రంగం మంచిది. అయితే సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు గుర్తింపు ఉన్న డిప్లొమా తప్పనిసరి, దానికి ముందు ఉండాల్సిన చదువు కూడా అడుగుతారు. డబ్బు కట్టే ముందు అది కనుక్కోండి. మనకు దగ్గర్లో పైడిభీమవరం, పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలు, విశాఖ, గంగవరం పోర్టులు, భోగాపురం విమానాశ్రయం ఉన్నాయి. వీటన్నిటికీ ఇలాంటివాళ్లు కావాలి.

ఇంటర్‌తో చేరాను, డిగ్రీ లేదు. 15 ఏళ్ల సర్వీసు ఉంటే డిగ్రీతో సమానమంటారు కదా?

మెట్రిక్ పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవాళ్లను కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో, సాంకేతిక అర్హత అవసరం లేనిచోట, డిగ్రీ ఉన్నట్టుగా పరిగణిస్తారు. అది ప్రభుత్వ కొలువుల వరకే. ప్రైవేటు కంపెనీలో ఆన్‌లైన్ అప్లికేషన్ నింపుతున్నప్పుడు డిగ్రీ గడి ఖాళీగా ఉంటే మీ కాగితం మనిషి కంటికి చేరకుండానే పక్కకు పోవచ్చు. సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయండి.

## బయోడేటా, ఇంటర్వ్యూ

బయోడేటాలో యూనిట్, ర్యాంకు, మెడల్స్ రాశాను. ఎవరూ పిలవడం లేదు. ఇంకేం రాయాలి?

మీ బయోడేటా చదివే హెచ్.ఆర్. అమ్మాయికి సీక్యూఎంహెచ్ అంటే తెలియదు. తెలియకపోవడం ఆమె తప్పు కాదు. "మూడేళ్లు సీక్యూఎంహెచ్‌గా పని చేశాను" అని వదిలేయకుండా, "సుమారు 120 మందికి దుస్తులు, పరుపులు, పరికరాల నిల్వ, పంపిణీ చూశాను. రోజువారీ లెడ్జర్ రాశాను. ఏటా జరిగే స్టాక్ తనిఖీకి లెక్క అప్పజెప్పాను" అని రాయండి. ఎంతమంది, ఎంత సామాను, ఎన్ని బండ్లు, మీ చేతికి వచ్చేముందు ఎలా ఉంది, మీరు అప్పజెప్పేటప్పటికి ఎలా ఉంది: ఈ ఐదూ ప్రతి పోస్టింగ్‌కూ రాయగలిగితే చాలు. మెడల్స్ ఒక్క వరుసలో చివర పెట్టండి.

రాయకూడనివి కూడా ఉన్నాయి. ఏ పోస్టులో ఉన్నారు, యూనిట్ ఎక్కడ ఉంది, దగ్గర ఎన్ని ఆయుధాలు ఉండేవి లాంటివి బయోడేటాలో గానీ లింక్డ్‌ఇన్‌లో గానీ పెట్టకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైన తర్వాత కూడా మనకు వర్తిస్తుంది. యూనిఫాంలో ఫొటో కూడా వద్దు. మామూలు చొక్కాతో తీయించుకోండి.

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు అడిగితే నోరు పెగలడం లేదు. ఏం చేయాలి?

మీ గురించి మీరు రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పడం రోజూ పైకి చదివి అలవాటు చేసుకోండి. ఆ తర్వాత నిర్భయంగా అడగండి: "సార్, నేను హిందీలో బాగా చెప్పగలను, హిందీలో చెప్పమంటారా?" మన చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది పని చేస్తారు. వాళ్లతో హిందీలో, మనవాళ్లతో తెలుగులో, ఇచ్ఛాపురం వైపువాళ్లయితే ఒడియాలో కూడా మాట్లాడగల సూపర్‌వైజర్ అంత తేలిగ్గా దొరకడు. అది మీ బలం. దాన్ని మీరే చెప్పాలి.

ఇంకో అలవాటు మార్చుకోండి. "యస్ సర్", "నో సర్" అని ఆగిపోతే ఎదుటివాళ్లకు మీ గురించి ఏమీ తెలియదు. పెట్రోలింగ్ నుంచి వచ్చి రిపోర్టు ఇచ్చేవారు కదా, అదే వరుసలో చెప్పండి: అప్పుడు పరిస్థితి ఇది, నాకు అప్పగించిన పని ఇది, నేను చేసింది ఇది, చివరికి జరిగింది ఇది.

"ఆర్మీవాళ్లు మొండిగా ఉంటారు, ఎవరి మాటా వినరు" అని మొహం మీదే అన్నారు. ఏం జవాబివ్వాలి?

కోపం తెచ్చుకుంటే వాళ్ల మాటే నిజమవుతుంది. కింద ఉన్న జవాను ఇచ్చిన సలహాతో మీరు ప్లాన్ మార్చుకున్న సంఘటన ఒకటి చెప్పండి. ప్రతి సెక్షన్ కమాండర్‌కూ అలాంటివి ఉంటాయి. దారి తెలిసిన స్కౌట్ వద్దంటే ఆగని కమాండర్ ఉండడు. ఆ అనుభవాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పడం ముందే సిద్ధం చేసుకోండి.

పెన్షన్ వస్తోంది కదా, జీతం తక్కువైనా సర్దుకోండి అంటున్నారు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోవద్దు. పెన్షన్ మీరు చేసిన సర్వీసుకు వచ్చేది. జీతం రేపు చేయబోయే పనికి వచ్చేది. అదే పోస్టులో ఉన్న మిగతావాళ్లకు ఎంత ఇస్తున్నారో కనుక్కుని మర్యాదగా అంతే అడగండి. సీటీసీ అని చెప్పే అంకెలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిసి ఉంటాయి. చేతికి వచ్చేది ఎంతో విడిగా రాయించుకోండి. ప్రైవేటు ఉద్యోగంలో చేరినంత మాత్రాన సర్వీసు పెన్షన్ ఆగదు. కానీ పెన్షన్, జీతం కలిపి ఆదాయపు పన్ను లెక్క చూసుకోవాలి.

## చేరిన కొత్తలో

నా మేనేజర్‌కు 26 ఏళ్లు, నాకు 41. వాడి దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలంటే మనసు ఒప్పడం లేదు.

నాకు ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇది. సగం మంది ఉద్యోగం మానేసేది కూడా ఇక్కడే.

ఆర్మీలో ఇదే పరిస్థితిని మనం ఎన్నిసార్లు చూడలేదు! అకాడమీ నుంచి నేరుగా వచ్చిన 22, 23 ఏళ్ల లెఫ్టినెంట్ ప్లటూన్ కమాండర్ అవుతాడు. పక్కన ఇరవై ఏళ్ల సర్వీసున్న సుబేదార్ సాబ్ ఉంటాడు. సెల్యూట్ చేసేది సుబేదారే. కానీ ఆ కుర్ర ఆఫీసర్‌కు కొండదారి ఎక్కడ జారుతుందో, ఏ జవాను నోరు మూసుకుని కష్టం దాచుకుంటాడో చెప్పేది కూడా ఆయనే. అందరి ముందూ ఆయన ఆఫీసర్‌ను కాదనడు. టెంటులోకి వెళ్లాక, "సాబ్, ఇలా చేస్తే బాగుంటుందేమో ఆలోచించండి" అంటాడు. నిర్ణయం బయటికి వచ్చేసరికి అది ఆఫీసర్‌దే అవుతుంది. ఆ లెఫ్టినెంట్ కర్నల్ అయ్యాక కూడా ఆ సుబేదార్ పేరు మర్చిపోడు.

మీ మేనేజర్‌తోనూ అలాగే ఉండండి. మెషిన్ గురించి, కెమిస్ట్రీ గురించి అతనికి తెలిసింది మీకు తెలియదు. మనుషుల గురించి మీకు తెలిసింది అతనికి తెలియదు. అతన్ని "సార్" అనండి, పేరుతో పిలవమంటే పేరుకు "గారు" చేర్చి పిలవండి. మీటింగ్‌లో అతని మాట కొట్టేయకండి. బయటికొచ్చాక విడిగా చెప్పండి. మొదటి నెలలో రెండు విషయాల్లో మీ సలహా నిలబడితే, మూడోసారి అతనే వచ్చి అడుగుతాడు.

పని చెబితే "చూద్దాం సార్" అంటారు, కదలరు. ఆర్మీలో ఇలా లేదు. వీళ్లతో ఎలా పని చేయించాలి?

ఆర్మీలో మన మాట నడవడానికి భుజం మీద పట్టీ ఒక కారణం. ఇక్కడ ఆ పట్టీ లేదు, రాదు కూడా. కానీ యూనిట్లో మీకు బాగా నచ్చిన కమాండర్‌ను గుర్తు చేసుకోండి. అతను పట్టీ చూపించి పని చేయించాడా? అందరికీ భోజనం అందాకే ప్లేటు పట్టాడు. చలిలో సెంట్రీ దగ్గరికి అర్ధరాత్రి తనే వెళ్లాడు. ఆ భాగానికి ర్యాంకు అక్కర్లేదు. మీరు కంపెనీకి తీసుకురావాల్సింది అదే.

రెండోది, పని చెప్పే పద్ధతి. పెట్రోలింగ్ ఆర్డర్లలో ఐదు భాగాలు ఉండేవి: పరిస్థితి ఏమిటి, మన లక్ష్యం ఏమిటి, ఎలా చేస్తాం, తిండి, సామాను, మందుల ఏర్పాట్లు ఏమిటి, ఎవరు ఎవరికి రిపోర్టు చేయాలి. ఇక్కడ చాలామంది సూపర్‌వైజర్లు మూడోదే చెబుతారు: "ఆ డ్రమ్ములు అటు పెట్టండి." ఎందుకో చెప్పరు. మీరు ఇలా చెప్పి చూడండి: "సాయంత్రం 5కి కంటైనర్ విశాఖ పోర్టుకు బయల్దేరాలి. తప్పితే ఓడ తప్పిపోతుంది. 3 గంటలకల్లా ఈ డ్రమ్ములన్నీ లేబుల్ వేసి డాక్ దగ్గర ఉండాలి. రాము లేబుళ్లు, అప్పన్న ఫోర్క్‌లిఫ్ట్. భోజనం రెండు బ్యాచులుగా వెళ్దాం. ఏదైనా ఆగితే నాకే ఫోన్ చేయండి." ఒక్క నిమిషం పడుతుంది. చివర్లో ఒకరిని పిలిచి "నీ పని ఏమిటో చెప్పు" అని అడగండి. సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

గట్టిగా అరిస్తే తప్పా? అది నా గొంతే అంత.

ప్రమాదం జరగబోతుంటే అరవండి. మిగతా సమయంలో అరిచినా పని జరగదు, మీ మీద కంప్లయింట్ మాత్రం వెళ్తుంది. డ్రిల్ స్క్వేర్ గొంతు అక్కడే వదిలి రావాలి. బూతు మాటల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆడవాళ్లు పనిచేసే చోట ఉద్యోగమే పోవచ్చు.

కేపీఐ, ఎస్‌ఓపీ, కాపా, ఆడిట్... ఈ భాష అర్థం కాక టెన్షన్‌గా ఉంది.

ఎస్‌ఓపీ, అంటే పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి, మనకు కొత్త కాదు, యూనిట్లోనూ అదే పేరు. ఆడిట్ అంటే యానువల్ ఇన్‌స్పెక్షన్ అనుకోండి. కాపా అంటే తప్పు ఎందుకు జరిగిందో కనిపెట్టి మళ్లీ జరగకుండా చేసే ఏర్పాటు, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ చివర్లో రాసే సూచనల లాంటిది. కేపీఐ అంటే మీ పనిని ఏ అంకెలతో కొలుస్తారో ఆ అంకెలు. తెలియని మాట వినపడగానే జేబు పుస్తకంలో రాసుకుని సాయంత్రం ఎవరినైనా అడగండి. మూడు నెలల్లో అలవాటైపోతుంది.

## టీమ్ చేతికి వచ్చాక

షిఫ్ట్ ఇన్‌చార్జిగా వేశారు. మొట్టమొదట ఏం చేయాలి?

హ్యాండింగ్, టేకింగ్ ఓవర్, అంటే షిఫ్ట్ మారేటప్పుడు పని అప్పజెప్పడం, అందుకోవడం సరిచేయండి. మరేదీ ముట్టుకోకండి.

గార్డ్ మారేటప్పుడు మనం ఏం చేసేవాళ్లం? పాత గార్డ్ కమాండర్, కొత్త గార్డ్ కమాండర్ ఇద్దరూ కలిసి నడిచేవాళ్లు. రైఫిళ్లు, రౌండ్లు, తాళాలు చేత్తో ముట్టి లెక్కపెట్టేవాళ్లు. ఫైర్ బకెట్లలో ఇసుక ఉందో లేదో కూడా చూసేవాళ్లు. ఆ తర్వాతే సంతకం. చాలా ఫ్యాక్టరీల్లో ఉదయం ఆరింటికి జరిగేది వేరు. రాత్రి షిఫ్ట్‌వాడు బస్సు తప్పిపోతుందని రిజిస్టర్‌లో "నార్మల్" అని రాసి వెళ్లిపోతాడు. వచ్చినవాడు టీ తాగి కూర్చుంటాడు. ఒక పంపు గ్లాండ్ దగ్గర చుక్క చుక్కగా కారుతోందని, దానికి స్విచ్ ఆపి ఎర్ర ట్యాగ్ కట్టారని, లోపల ఫిట్టర్ పని సగంలో ఉందని కొత్తవాడికి తెలియదు. ఎవరో ట్యాగ్ తీసి స్విచ్ వేస్తే అక్కడ మనిషి చెయ్యి ఉంటుంది.

మీ షిఫ్ట్‌లో రూలు పెట్టండి: ఇద్దరు ఇన్‌చార్జులూ కలిసి ఒక చుట్టు నడవాలి. ప్రతి ట్యాగ్ దగ్గరా ఆగాలి. ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ఎవరు ఎక్కడ లోపల ఉన్నారు, రాత్రి ఏ అలారం మోగింది, ఈ నాలుగూ నోటితో చెప్పుకోవాలి. పది పదిహేను నిమిషాలు పడుతుంది. మొదట్లో విసుక్కుంటారు. బస్సు పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరేలా ట్రాన్స్‌పోర్ట్‌వాళ్లతో మీరే మాట్లాడి ఒప్పిస్తే ఆ విసుగు కూడా పోతుంది. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ అనే విషవాయువు లీకై తెల్లవారుజామున నిద్రలోనే ఊళ్లు ఊళ్లు పరిగెత్తడం మనమంతా చూశాం. రసాయనాలతో పనిచేసేచోట ఈ పదిహేను నిమిషాలకు విలువ కట్టలేం.

మా టీమ్‌లో కాంట్రాక్టు మనుషులు ఎక్కువ. ఊళ్లవారీగా గుంపులు కట్టి ఉంటారు. ఎలా కలపాలి?

మన యూనిట్లలో కులం, భాష, మతం వేరువేరైన కుర్రాళ్లు ఒకే లంగర్లో (వంటశాలలో) తిని ఒకే బ్యారక్‌లో పడుకునేవాళ్లు. అది దానంతట అది జరగలేదు. ఒక పద్ధతి ప్రకారం జరిగింది. మీరు ఆ పద్ధతి తీసుకోండి. ప్రతి ఒక్కరి ఊరు, ఇంట్లో ఎవరెవరు, పిల్లలు ఏం చదువుతున్నారు, ఇవన్నీ తెలుసుకోండి. ప్రతి ప్లటూన్ కమాండర్ దగ్గరా తన మనుషుల వివరాలతో ఒక చిన్న పుస్తకం ఉండేది, గుర్తుందా? అలాంటిదే పెట్టుకోండి. క్యాంటీన్‌లో రోజుకో బల్ల దగ్గర కూర్చుని తినండి. జంటలుగా పని ఇచ్చేటప్పుడు పలాస కుర్రాడిని, బీహార్ కుర్రాడిని కలిపి వేయండి.

నెలకోసారి దర్బార్, అంటే అందరినీ కూర్చోబెట్టి వాళ్ల కష్టాలు వినే సభ, పెట్టండి. పేరు ఏదైనా పెట్టుకోండి. అరగంట చాలు. బూట్లు పాడయ్యాయనో, ఓవర్‌టైం డబ్బు రాలేదనో, మరుగుదొడ్డిలో నీళ్లు లేవనో వాళ్లు చెబితే రాసుకోండి. తర్వాతి దర్బార్‌లో మొదట పోయిన నెల అర్జీల్లో ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్నది చదవాలి. అది చదవకపోతే మూడో నెలకు ఎవరూ నోరు తెరవరు.

తప్పు చేసినవాడిని ఏం చేయాలి? ఇక్కడ వీపు మీద బరువు సంచి వేసి పరిగెత్తించే పిట్టూ పరేడ్ పెట్టలేం కదా.

పెట్టలేం, పెట్టకూడదు. కంపెనీకి స్టాండింగ్ ఆర్డర్స్ ఉంటాయి. మెమో, చార్జిషీట్, ఎంక్వయిరీ అనే వరుస ఉంటుంది. కోపంలో "రేపటి నుంచి రావద్దు" అనే అధికారం మీకు లేదు. అలా అంటే యూనియన్ దగ్గర, లేబర్ ఆఫీసులో మీరే నిలబడాల్సి వస్తుంది. ముందు ఆ తప్పు తెలియక జరిగిందా, అలసటతో జరిగిందా, కావాలని చేసిందా అని చూడండి. తెలియకపోతే మళ్లీ నేర్పండి. వరసగా నైట్ షిఫ్టులు వేసి అలసిపోయేలా చేసింది మనమే అయితే రోస్టర్ మార్చండి. కావాలని చేస్తే కాగితం మీద పెట్టండి. మందలింపు ఎప్పుడూ నలుగురిలో కాదు, విడిగా.

తుపాను హెచ్చరిక వస్తే ఫ్యాక్టరీలో మాజీ సైనికుల వైపే చూస్తారు. ఏం చేయాలో ముందే చెప్పగలరా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసినవాళ్లం కాబట్టి ఇది మనకు మామూలు ప్రశ్న కాదు. అక్టోబర్ రాకముందే పనులు పంచి పెట్టండి. డీజిల్, తాగునీరు, టార్చీలు, ప్రథమ చికిత్స పెట్టెల లెక్క ఎవరిది? రేకులు, ఖాళీ డ్రమ్ములు తాళ్లతో కట్టేది ఎవరు? సెల్ టవర్లు పోతే కబురు ఎలా పంపుతాం? మొదటి ఇన్‌చార్జి రాలేకపోతే రెండోవాడు ఎవరు? చివరి ప్రశ్న అడిగే అలవాటు ఆర్మీవాళ్లకు తప్ప చాలామందికి ఉండదు.

ఇంకొకటి కూడా చేయండి. డ్యూటీలో ఉండబోయేవాళ్లను ముందురోజే ఇంటికి పంపి, వాళ్ల ఇల్లు, పశువులు, ముసలివాళ్లను భద్రం చేసుకుని రమ్మనండి. ఉద్దానంలో ఇంటి కప్పు ఎగిరిపోతుందేమోనన్న భయంతో ఉన్నవాడు ఇక్కడ వాల్వు మీద మనసు పెట్టలేడు. తుపాను వెళ్లాక వారంలోపు అందరినీ కూర్చోబెట్టి ఏది అనుకున్నట్టు జరిగింది, ఏది జరగలేదు అని మాట్లాడుకోండి. ఎవరిది తప్పు అన్న మాట ఆ రోజు రాకూడదు.

## పైకి ఎదగాలంటే

పైవాళ్లు తప్పు నిర్ణయం తీసుకుంటున్నారనిపిస్తే నోరు మూసుకోవాలా? ఆర్మీలో ఆర్డర్ అంటే ఆర్డరే కదా.

ఆర్డర్ రాకముందు చెప్పే హక్కు, బాధ్యత ఆర్మీలోనూ ఉంది. 1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్‌లోకి వెంటనే సైన్యాన్ని నడిపించాలన్న ఆలోచన ప్రభుత్వానికి వచ్చినప్పుడు, ఆర్మీ చీఫ్ మానెక్‌షా ఇందిరాగాంధీకి ఇప్పుడు వద్దని చెప్పారు. వర్షాలొస్తే అక్కడి నదులు సముద్రాల్లా అవుతాయని, సైన్యం సిద్ధం కావడానికి సమయం కావాలని కారణాలు చెప్పారు. సమయం దొరికింది. డిసెంబర్ 3న మొదలైన యుద్ధం డిసెంబర్ 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది.

ఆయన "కుదరదు" అని ఊరుకోలేదు. ఎందుకు కుదరదో, ఎప్పుడు కుదురుతుందో, దానికి ఏం కావాలో చెప్పారు. మీరూ కాగితం మీద మూడు ముక్కలు రాసుకుని వెళ్లండి. విన్నాక కూడా పైవాళ్లు అదే నిర్ణయం తీసుకుంటే మీదే అనుకుని చేయండి. మనుషుల ప్రాణానికి, చట్టానికి సంబంధించిందైతే మాత్రం రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి ఆగండి.

అప్రైజల్‌లో నా పని ఎవరికీ కనిపించడం లేదు. చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

యూనిట్లో మన రిపోర్టు ఆఫీసర్ రాసేవాడు. ఇక్కడ మొదటి కాగితం మీరే రాయాలి. నెలాఖరున పది నిమిషాలు కూర్చుని, ఆ నెల చేసినవి తేదీలతో రాసి పెట్టుకోండి. ఏడాది చివర అది తీసి పెట్టండి. మీ టీమ్‌లో వాళ్ల పేర్లు కూడా రాయండి.

సూపర్‌వైజర్ దగ్గరే ఆగిపోయాను. మేనేజర్ కావాలంటే ఏం లోటు ఉంది?

చాలామందిలో లోటు డబ్బు లెక్క. ఆర్మీలో సామాను పోకూడదు, పని ఆగకూడదు అని నేర్పారు. దాని వల్ల లాభం ఎంత అని మనల్ని ఎవరూ అడగలేదు. కంపెనీలో ప్రతి మీటింగ్‌లోనూ అదే అడుగుతారు. ఒక గంట మెషిన్ ఆగితే ఎంత నష్టం, ఒక మనిషి ఓవర్‌టైం ఎంత, ఒక బ్యాచ్ వృథా అయితే ఎంత పోతుంది, ఈ అంకెలు అకౌంట్స్‌వాళ్లను అడిగి తెలుసుకోండి. ఎక్సెల్ నేర్చుకోండి. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్లే నేర్పుతారు. తర్వాత మీ ప్రతిపాదన చివర ఒక అంకె పెట్టి ఇవ్వండి, వినే తీరు మారుతుంది.

కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, షార్ట్ సర్వీస్ మేజర్‌గా బయటికొస్తున్నాను. ఎంబీఏ చేయాలా?

ఆఫీసర్లకు డీజీఆర్ ద్వారా కొన్ని ఐఐఎంలలో ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు ఉన్నాయి. వయసు, ఇంటి బాధ్యతలు చూసుకుంటే చాలామందికి అది సరిపోతుంది. రంగం పూర్తిగా మార్చుకోవాలంటేనే పూర్తి ఎంబీఏ.

ఉద్యోగం వద్దు, సొంతంగా ఏదైనా పెట్టుకోవాలని ఉంది.

ఎయిర్ డెక్కన్ పెట్టిన కెప్టెన్ గోపీనాథ్ 1971 యుద్ధంలో పాల్గొన్న ఆర్మీ ఆఫీసరే. అయితే ఆర్మీ నుంచి వచ్చాక ఆయన చాలా ఏళ్లు వ్యవసాయం, రకరకాల వ్యాపారాలు చేశాకే విమానాల్లోకి వెళ్లారు. జీడిపప్పు వ్యాపారమో, ట్రాన్స్‌పోర్టో పెట్టాలనుకుంటే ముందు రెండేళ్లు అదే రంగంలో జీతానికి పని చేయండి. గ్రాట్యుటీ మొత్తం మొదటి రోజే పెట్టకండి.

జీతం బాగానే ఉంది, కానీ ఎవరూ నావాళ్లు అనిపించడం లేదు. యూనిట్ గుర్తొచ్చి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

ఇది బలహీనత కాదు. పక్కవాడి మీద ప్రాణం పెట్టి బతికిన మనిషిని ఆరింటికి పంచ్ కొట్టి ఎవరి దారిన వాళ్లు పోయే చోట వదిలితే ఒంటరితనం తప్పదు. మీ ఫ్యాక్టరీలో మాజీ సైనికులు ఇంకెవరున్నారో కనుక్కోండి, ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. ఇన్నేళ్లూ మీరు లేకుండా ఇల్లు నడిపిన భార్యకు కూడా మీరు రోజూ ఇంట్లో ఉండటం కొత్తే. ఇంట్లో రోల్‌కాల్ తీయకండి. నిద్రలేమి వారాల తరబడి ఉంటే, తాగుడు పెరుగుతుంటే ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ద్వారా డాక్టర్‌ను కలవండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో ఉచితంగా మాట్లాడతారు.

మా అబ్బాయి అగ్నివీర్. నాలుగేళ్లకే బయటికొస్తే వాడికి లీడర్‌షిప్ అనుభవం అని చెప్పుకునేది ఏం ఉంటుంది?

2022లో మొదలైన ఈ అగ్నిపథ్ పథకంలో ఒక బ్యాచ్‌లో 25 శాతం దాకా కొనసాగిస్తారు, మిగతావాళ్లు నాలుగేళ్లకు బయటికొస్తారు. అంత తక్కువ సర్వీసులో సెక్షన్ నడిపే అవకాశం రావడం అరుదు. కాబట్టి వందమందిని నడిపానని చెప్పవద్దు, ఇంటర్వ్యూలో నిలవదు. సమయానికి రావడం, రాత్రి డ్యూటీలో మెలకువగా ఉండటం, టీమ్‌లో తన వంతు పని చెప్పకుండానే పూర్తి చేయడం, ఇవి నిజమైనవి, కంపెనీలకు కావాల్సినవి. ట్రేడ్ కోర్సుల సర్టిఫికెట్లన్నీ జాగ్రత్తగా తెచ్చుకోమనండి. పెన్షన్ ఉండదు కాబట్టి చేతికొచ్చే సుమారు 11.71 లక్షల సేవా నిధిలో డిగ్రీకి, సేఫ్టీ డిప్లొమాకో ఎలక్ట్రికల్ ట్రేడ్‌కో అయ్యే ఫీజు ముందు పక్కన పెట్టించండి. స్థలం కొనడం గురించి ఆ తర్వాత ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు.